దీవెన పేరు పక్కన పచ్చ గుర్తు

డెంటల్ కాలేజీ విద్యార్థిని దీవెన చదువు మానేసి ఇంటికి వెళ్ళిపోయిన మూడో రోజున హైమవతి క్లినిక్‌లో ఉన్న తన గురువు మొహిద్దీన్ గారి దగ్గరికి వచ్చి నిలబడింది. ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచిపోయాయి.

ఆ కాలేజీలో పిల్లల చదువుల మంచిచెడ్డలు చూసే బాధ్యత హైమవతిది. అందుకోసం రెండేళ్ళు ఒళ్ళు హూనం చేసుకుని కంప్యూటర్‌లో ఒక ఏర్పాటు చేసింది. మార్కులు, హాజరు, క్లినిక్‌లో చేసిన పనులు అన్నీ అందులో చేరతాయి. వెనకబడిన వాళ్ళ పేరు పక్కన ఎర్ర గుర్తు పడుతుంది, బాగా చదివే వాళ్ళకు పచ్చ గుర్తు. ఎర్ర గుర్తు వాళ్ళను పిలిచి, కూర్చోబెట్టి మాట్లాడేది. దీవెనకు ఎప్పుడూ పచ్చ గుర్తే.

"ఒక్కసారి నా గదికి వచ్చింది సార్. 'మాట్లాడాలి మేడమ్' అంది. నేను కంప్యూటర్‌లో చూసి, 'అన్నీ బాగున్నాయి, నీకేం తల్లీ' అన్నాను. కాసేపు నిలబడి వెళ్ళిపోయింది. ఇప్పుడు ఇంట్లో తన గదిలోంచి బయటికి రావడం లేదట. 'నా పిల్లని ఏం చేశారమ్మా' అని వాళ్ళమ్మ అడుగుతోంది. ఏం చెప్పను?"

ఆయన తిట్టినా బాగుండేది. పళ్ళు చూసే చిన్న అద్దం ఆమె చేతికిచ్చి, కుర్చీ వైపు చూపించారు.

కుర్చీలో కూరలమ్మే సూరమ్మ ఉంది. పొద్దున బుగ్గ పట్టుకుని ఏడుస్తూ వచ్చిన మనిషి, పళ్ళు పీకే పట్టకారు కంటబడేసరికి నొప్పే లేదంటోంది. ఎక్స్‌రేలోనూ ఏ లోపమూ కనబడలేదు.

"ఏ పన్నో కనుక్కో" అన్నారు గురువు.

హైమవతి వంగి, అద్దం పిడితో ఒక్కో పన్నూ తట్టుకుంటూ పోయింది.

"నొప్పా అమ్మా?"

"అబ్బే, లేదు డాక్టరమ్మా."

"అన్నీ బాగానే ఉన్నాయి సార్" అంది చివరికి.

"మళ్ళీ తట్టు" అంటూ ఆయన వేలితో సూరమ్మ ముఖం చూపించారు.

ఈసారి హైమవతి తలెత్తి చూస్తూ తట్టింది. ఆరో పన్ను దగ్గర "లేదమ్మా" అంటూనే సూరమ్మ రెప్పలు టపటపా కొట్టుకున్నాయి. కంటికొసన నీళ్ళు నిలిచాయి.

"తట్టేటప్పుడు కళ్ళు చూడమ్మా. నువ్వు మూడో ఏడు చదివేటప్పుడే చెప్పాను" అన్నారాయన.

హైమవతి చెయ్యి అక్కడే ఆగిపోయింది. ఆ రోజు తన బల్ల ముందు నిలబడ్డ పిల్లను గుర్తు చేసుకోబోయింది. హాజరు తొంభై రెండు శాతమని గుర్తుంది. కళ్ళు గుర్తుకు రాలేదు.