నూకరత్నం సంపెంగ చెట్టు

అనగనగా మన్యం కొండల కింద ఒక ఊళ్ళో నూకరత్నం అని ఒకావిడ ఉండేది. ముప్పై నాలుగేళ్ళు. పొద్దున్నే లేచి ముందు సంపెంగ చెట్టుకి నీళ్ళు పోసేది. ఆ తర్వాతే పొయ్యి ముట్టించేది.

ఆ చెట్టు పుట్టింది కొండ మీద ఎప్పుడూ వానలు పడే అడవిలో. జానెడు మొక్కగా ఉన్నప్పుడు వేళ్ళ మట్టి రాలకుండా కొంగులో చుట్టుకుని తెచ్చి పెరట్లో నాటింది. చెట్టు తొలిసారి పూసిన ఏడాదే మొగుడు పోయాడు. ఇంక పూలు పెట్టుకోకూడదన్నారు. ఆమె మానేసింది. చెట్టుకేం తెలుసమ్మా ఇంట్లో ఎవరు పోయారో, అది మానలేదు. అప్పుడు ఊళ్ళో ఆడవాళ్ళు పూలకోసం వచ్చేవారు, కూర్చునేవారు, నవ్వేవారు. నూకరత్నం కూడా నవ్వేది.

పక్కింట్లో ఉండే మొగుడి అన్న, బావగారు సన్యాసినాయుడికి ఆ నవ్వు గిట్టలేదు. "మొగుడు పోయినదాని ఇంట్లో పూలేమిటి, నవ్వులేమిటి?" అన్నాడు. ఆ చెట్టు కింద నల్లతాచు తిరుగుతోందని, తన కళ్ళతో చూశానని ఊరంతా చాటాడు. ఆడవాళ్ళు రావడం మానేశారు.

ఆ తర్వాత చెట్లు కొట్టే మనిషిని పంపాడు. అతను పాము మాట విని గుమ్మంలోంచే వెనక్కి తిరిగాడు.

అప్పుడు తనే గొడ్డలి పట్టుకుని వచ్చాడు. కంచె బయట ఊరంతా నిలబడింది.

"తప్పుకో" అన్నాడు.

నూకరత్నం ఆలోచించింది. అడ్డం పడితే తోసేస్తాడు. ఏడిస్తే సంతోషిస్తాడు. తప్పుకుంది.

"కొట్టండి బావగారూ. ఆ తాచు ఎక్కడుందో చూసినవారు మీరే. కాస్త చూసి అడుగెయ్యండి."

చెట్టు మొదట్లో ఎండాకులు గుట్టగా పడి ఉన్నాయి. ఒక అడుగు వేశాడు. గొడ్డలి ఎత్తాడు. ఆకుల్లో ఏదో గరగరమంది. గాలో, తొండో. అంతే, ఎత్తిన గొడ్డలి వదిలేసి కంచె దాకా గెంతాడు.

కంచె అవతలి నుంచి ఆయన పెళ్ళామే అడిగింది. "ఇంతకీ పాముందా, లేదా?"

ఉందంటే వెళ్ళి ఆ పామును కొట్టాలి. లేదంటే తను అబద్ధాలకోరు.

"లేదు" అని గొణిగాడు.

"మరి చెట్టేం చేసింది?"

ఆయన వెళ్ళిపోయాడు. ఆడవాళ్ళు లోపలికొచ్చారు.

మర్నాడు నూకరత్నం ఒక పువ్వు కోసి కొప్పులో పెట్టుకుంది. ఆ తర్వాత ఊళ్ళో మొగుడు పోయిన ప్రతి ఆడదాని పెరట్లో ఒక సంపెంగ మొక్క నాటింది. ఏ మగవాడినీ అడగలేదు.

కథేమో కంచి దారి పట్టింది,
కన్నేమో రెప్ప దుప్పటి కప్పింది.