ఆయుధం లేనివాడు దండులోకి రారాదు

ఒకానొక రాజ్యంలో, పేరు కావాలంటే కరకగిరి అనుకోండి, ఉగ్రసింహ భూపతి అని ఒక రాజు ఉండేవాడు. మనిషి చెడ్డవాడు కాదు గానీ బిరుదుల పిచ్చి. పరరాజ గజకేసరి అట, సమరరంగ భైరవుడట, ఇంకా ఏవేవో అట. వందిమాగధులు ఆ వరస మొత్తం చదివి ముగించేలోపు కొలువులో ముసలి మంత్రులు ఒక కునుకు తీసి లేచేవారు.

ఆ రాజుగారికి ఒకనాడు కోపం వచ్చింది. ఎందుకయ్యా అంటే, నల్లబండ దుర్గాన్ని ఏలే పాలెగాడు రాయబారి చేత కబురంపుతూ మన రాజుగారి బిరుదుల్లో సగం మింగేశాడట! అంతకంటే ఘోరం ఉంటుందా చెప్పండి.

"దండయాత్ర!" అని సింహాసనం చేతి మీద గుద్దాడు రాజు. చెయ్యి నొప్పెట్టింది కూడా, కానీ పైకి కనబడనివ్వలేదు.

కరకగిరి వాళ్ళు కత్తికి జంకే రకం కాదు. వాళ్ళ భయం వేరే. అంతకు ముందటేడు నల్లబండకు పోయే ఈ దారినే దండు వెళ్ళింది. ధాన్యం మోసే పెరికెద్దులు పక్కన నడిస్తే ఊరేగింపు అందం చెడుతుందని వాటిని కంటికి ఆనకుండా ఎక్కడో వెనక రమ్మన్నారు. అవి దండును అందుకోనే లేదు. ఆకలేసిన బంట్లు దారిలో ఊళ్ళ మీద పడి గాదెలు ఊడ్చుకు తిన్నారు. ఆ పైన ఊళ్ళు లేని రాతినేల. చింతగింజలు ఉడకేసుకున్నారు. అవీ అయిపోయాక డాళ్ళ తోలు నానబెట్టుకున్నారు. శత్రువు మొహమైనా చూడకుండా దండు సగమై తిరిగొచ్చింది. ఆ మిగతా సగాన్ని చంపింది ఆకలి.

రాజుగారికి ఇది తెలియదా అంటే తెలుసు. అయితే దండును నడిపే దళవాయి బొల్లమనాయకుడు "వాళ్ళకు పౌరుషం చాలలేదు ప్రభూ" అన్నాడు, ఈయన ఔనన్నాడు. అయినవాడు చెప్పే కమ్మని అబద్ధం ఎవరికి చేదు?

ఈసారి కొలువు తీర్చి రాజు ఇలా సెలవిచ్చాడు: "పోయినేడు మన బంట్లు ఎందుకు చెడ్డారు? వెనక ఎక్కడో ఎద్దులు వస్తున్నాయన్న ఆశతో మాటిమాటికీ వెనక్కి చూసి చెడ్డారు. ఈసారి అసలు ఎద్దులే ఉండవు! వంటవాళ్ళుండరు, గుండిగలుండవు, గడ్డిమోపులుండవు. ఆయుధం లేనివాడు మా దండులో అడుగు పెట్టరాదు. కూటి కోసం వెనుదిరిగినవాడికి సగం తల, సగం మీసం గొరిగించి గాడిదనెక్కిస్తాం. వీరుడికి పౌరుషమే పాయసం!"

"ఆహా!" అన్నాడు దళవాయి. ఆ పాయసం ఆయన ఎన్నడూ తాగిన పాపాన పోలేదు లెండి.

ఆ కొలువులో కొమ్మన అని ఒకడుండేవాడు. వాడి పని ఏమిటయ్యా అంటే ఇదీ అని చెప్పలేం. రాజుగారు తాంబూలం వేసుకునే వేళ పక్కన కూచుని ఆయన్ని నవ్వించడం, ఆయన నవ్వనప్పుడు తప్పుకు తిరగడం. ఆ రోజు కొమ్మన ఎవర్నీ నవ్వించలేదు. తిన్నగా ఇంటికొచ్చి అరుగు మీద చతికిలబడ్డాడు.

భార్య ముమ్మడమ్మకు అప్పటికే కబురు తెలిసింది. ఆమెకు తోడబుట్టినవాడు ఒక్కడే, ప్రోలయ్య. దండులో బంటు. పోయినేడు వెళ్ళి ఎముకల పోగై తిరిగొచ్చినవాళ్ళలో వాడొకడు.

"మా తమ్ముడు కత్తిపోటుకు పోతే ఏడ్చి ఊరుకుంటానండీ. వీరుడి అక్కననిపించుకుంటాను," అంది ముమ్మడమ్మ. "తిండిలేక ఏ బండ మీదో పడి చచ్చిపోతే మాత్రం ఎట్లా ఓర్చుకోను? మీ మాట రాజుగారు వింటారు కదా, చెప్పకూడదూ?"

"నవ్వే మాటయితే వింటాడే. నిజం చెబితే ముందు నా తలకాయ ఎగిరిపోతుంది, ఆ వెనకే మీ తమ్ముడు పోతాడు."

"అయితే నవ్వే మాటే చెప్పండి. మీకు తెలిసిన విద్య అదొక్కటే కదా!"

కొమ్మన లేచి నిలబడ్డాడు. తర్వాత కండువా దులిపి భుజాన వేసుకుని మళ్ళీ కోటకు బయల్దేరాడు.

దండయాత్రకు బుధవారం ముహూర్తం పెట్టారు. కానీ పల్లెల నుంచి బంట్లు వచ్చి చేరేసరికి ఇంకా ఆలస్యమయ్యేట్టుంది. అటువంటప్పుడు మన పెద్దలు ఏం చేస్తారు? ప్రస్థానం పెడతారు. అంటే మనిషి బయల్దేరలేకపోయినా, ఆ మంచి గడియలో తన గొడుగో పంచెల మూటో ప్రయాణం వెళ్ళే దిక్కుకు పంపి ఉంచుతారు. ప్రయాణం మొదలైనట్టే లెక్క. పురోహితుడు రాజుగారి గొడుగు పంపుదామన్నాడు.

"గొడుగా!" అని చెవులు మూసుకున్నాడు కొమ్మన. "శెట్టిగారు సంతకు పోతే గొడుగు పంపుతారు. సమరరంగ భైరవుడు గొడుగు పంపడమేమిటి స్వామీ? ఏలినవారే స్వయంగా కోట ముందరి ఏరు దాటి విడిది చేస్తే చూసినవాళ్ళ గుండెలు గుభేలుమనవూ?"

రాజు మీసం దువ్వాడు. "మాకూ అదే తోచింది," అన్నాడు. తోచలేదు, మనలో మాట.

పురోహితుడు నసిగాడు. "ఒక్కసారి ఏరు దాటాక గెలిచేదాకా కోట గడప తొక్కకూడదు ప్రభూ. తొక్కితే ప్రస్థానభంగం. మళ్ళీ ముహూర్తం చూడాల్సిందే."

"వెనక్కి ఎవడొస్తాడయ్యా?" అని నవ్వాడు రాజు.

"ఇంకొక్క మనవి," అన్నాడు కొమ్మన. "విడిది ముంగిట కాపలా నాకిప్పించండి. ఆయుధం లేని పురుగును కూడా లోపలికి రానివ్వను. ఏలినవారి ఆజ్ఞ ఎంత పకడ్బందీగా నడుస్తుందో లోకం చూడాలి."

రాజు మురిసిపోయి తన నడుము కత్తి తీసి కొమ్మన చేతికిచ్చాడు. కొమ్మనకు కత్తి ఎటువైపు పట్టుకోవాలో కూడా సరిగ్గా తెలియదు.

బుధవారం పొద్దున్న భేరీలు మోగాయి. పట్టపుటేనుగు రణధీరం మీద రాజు, గుర్రం మీద దళవాయి, అప్పటికి చేరిన బంట్లు వెనక, అందరూ ఏరు దాటి అవతలి గట్టున గుడారాలు వేశారు. అక్కణ్ణుంచి చూస్తే కోట వంటశాల పొగ కూడా కనబడుతుంది.

మధ్యాహ్నమైంది. వంటల శింగయ్య రాజుగారి భోజనం కావిళ్ళకెత్తించి ఏరు దాటి వచ్చాడు. కొమ్మన కత్తి అడ్డం పెట్టాడు.

"ఆయుధమేదీ?"

"నా దగ్గర ఆయుధమేమిటయ్యా, గరిటె ఉంది."

"గరిటెతో ఎవణ్ణయినా చంపావా?"

"నా వంట తిని చచ్చినవాడు ఇంతవరకూ లేడు."

"అయితే వెనక్కి పో. ఏలినవారి ఆజ్ఞ."

నేతిలో వేగిన వంకాయల వాసన గుడారంలోకి వచ్చింది. వంకాయలు మాత్రం కోటకు తిరిగి వెళ్ళిపోయాయి.

రాజు వింటూనే ఉన్నాడు. "రానీ" అని ఒక్క మాటంటే సరిపోయేది. ఎలా అంటాడు? ఊరూరా చాటింపు వేయించిన ఆజ్ఞ. గుడారం బయట బంట్లు చెవులు రిక్కించుకుని ఉన్నారు. "భేష్ కొమ్మనా," అన్నాడు లోపలి నుంచి. గొంతులో పస లేదు.

నీళ్ళ తిత్తులవాళ్ళు వచ్చారు. ఆయుధం లేదు, పొమ్మన్నాడు. "ఏరు పక్కనే ఉంది, ఎవరికి కావాలంటే వాళ్ళు వెళ్ళి దోసిట్లో తాగండి," అన్నాడు. గడ్డిమోపులవాళ్ళు కొడవలి చూపించారు. "కొడవలి ఆయుధమే, నువ్వు రావచ్చు. మోపు ఆయుధం కాదు, అది రాకూడదు," అన్నాడు. గడ్డివాడు బుర్ర గోక్కుని ఇంటికి పోయాడు.

సాయంత్రానికి దళవాయి బొల్లమనాయకుడు మెల్లగా కొమ్మన దగ్గరికొచ్చాడు. "ఏమోయ్, నీ దగ్గర అటుకులేమైనా..."

"అయ్యో దళవాయిగారూ, ఉంటే నేను తిననూ? పౌరుషం అయిపోయిందా అప్పుడే?"

దళవాయి ఏటికి వెళ్ళి నీళ్ళు తాగొచ్చాడు. నిజం చెప్పొద్దూ, కొమ్మనకూ కడుపులో ఎలుకలు పరిగెడుతున్నాయి. ముమ్మడమ్మ వేసే ఆవకాయ అన్నం తలుచుకుంటూ మొండిగా నిలబడ్డాడు.

తెల్లవారింది. రాజు కళ్ళు లోతుకు పోయాయి. అయినా బింకం పోలేదు. బంట్లకు ధైర్యం చెప్పాలని ఏనుగును సిద్ధం చేయమన్నాడు.

మావటివాడు చేతులు నలుపుకున్నాడు. "దేవరవారూ, దీని నోట్లో నిన్నటి నుంచి గడ్డిపరక పడలేదు. నా మాట కూడా వినేట్టు లేదు."

"పట్టపుటేనుగు! దానికీ పౌరుషముంటుంది," అని రాజు ఎక్కి కూచున్నాడు. బంట్లు వరస కట్టారు. రాజు చెయ్యెత్తి, "వీరులారా!" అన్నాడు.

సరిగ్గా అప్పుడే అవతల కోటలో గజశాల గంట మోగింది. మేత వేళ గంట.

రణధీరం చెవులు నిక్కించింది. తొండమెత్తి ఒక్క ఘీంకారం చేసి గిరుక్కున తిరిగింది. మావటి అంకుశం ఏ మూలకూ రాలేదు. ఏనుగు ఏట్లో దిగి, నీళ్ళు చిమ్ముకుంటూ, తిన్నగా కోటవైపు! పైన రాజు అంబారీని రెండు చేతులా కావలించుకుని "ఆగు! ఆగవే! ఓసి నా తల్లీ!" అని అరుపులు. దూరానికి ఆ అరుపులు బంట్లకు యుద్ధనాదాల్లా వినిపించాయి. రాజుగారు ముందు నడుస్తుంటే ఆగుతారా? దండంతా హోరున వెనకే ఉరికింది. అందరికంటే ముందు దళవాయి.

కోట బురుజు మీదివాళ్ళు రాజు తిరిగి రావడం చూసి, గెలిచే వస్తున్నాడనుకుని విజయభేరి మోగించారు. ఆడవాళ్ళు హారతి పళ్ళేలతో పరిగెత్తుకొచ్చారు. ఏనుగు వాళ్ళలో ఎవర్నీ లెక్కచేయక గజశాలలోకి పోయి చెరుకుగడల గుట్ట ముందు ఆగింది. అప్పుడు గానీ రాజు కిందికి దిగలేదు.

కూటి కోసం వెనుదిరిగితే శిక్ష ఏమిటో ఊళ్ళో చంటిపిల్లకు కూడా తెలుసు. అందరి చూపూ రాజుగారి మీసం మీదే.

కొమ్మన రొప్పుతూ వచ్చి చేరాడు. రాజు మొహం కందగడ్డైంది.

"ఇదంతా నీ పనే కొమ్మనా!"

"నేను ఏలినవారి ఆజ్ఞ తప్ప ఇంకేం చేశాను ప్రభూ?"

"అయితే చెప్పు. కూటి కోసం వెనుదిరిగినవాడికి శిక్ష వేయాలి. ఇప్పుడు వెనుదిరిగింది ఎవరు? తప్పు చెప్పావో, నీ తల ఉండదు."

ముమ్మడమ్మ కూడా ఆ గుంపులోనే ఉంది. కొంగు నోట్లో కుక్కుకుంది పాపం.

కొమ్మన ఏనుగు వైపు చూశాడు. అది లోకం మరిచిపోయి చెరుకు నములుతోంది.

"ఎవరూ వెనుదిరగలేదు ప్రభూ," అన్నాడు. "ఏనుగు ముందుకే నడిచింది. అన్నం ఎటుంటే దానికి అదే ముందు. దండుకైనా అంతే. అన్నం వెనక వదిలేస్తే వీరుడి కాళ్ళు వెనక్కే లాగుతాయి, అది పిరికితనం కాదు. ఆ అన్నమేదో ముందు నడిపించండి, నల్లబండేమిటి, దాని తాతదాకా పోతుంది మన దండు."

రాజు ఏనుగును చూశాడు. చెరుకు వంక చూశాడు. బంట్ల పొట్టలు చూశాడు, తన పొట్ట తడుముకున్నాడు. పోయినేడు రానివాళ్ళు గుర్తొచ్చారో ఏమో, తల దించుకున్నాడు. "ఒక్క రోజుకే నా ప్రాణం ఇట్లా ఉందే," అన్నాడు చిన్నగా. "వాళ్ళను ఎంత ఏడిపించానురా కొమ్మనా!"

"ముందు భోంచేయండి ప్రభూ. ఏడుపు కూడా కడుపు నిండితేనే బాగుంటుంది."

అంతే! రాజుకు నవ్వొచ్చింది. మొదట మీసం కింద చిన్నగా, తర్వాత పొట్ట పట్టుకుని, కళ్ళు తుడుచుకుని నవ్వాడు. ఊరంతా ఊపిరి పీల్చుకుంది. శింగయ్య వంకాయలు మళ్ళీ వేడి చేశాడు. ఆ రోజు రాజు, బంటు తేడా లేకుండా గజశాల ముందే బంతులు తీర్చి కూచున్నారు. కొమ్మన చేతికి రాజు తన కంకణమే తొడిగాడు.

ప్రస్థానభంగమైంది కనుక పురోహితుడు కొత్త ముహూర్తం చాలా రోజుల తర్వాతకు పెట్టాడు. ఆ వ్యవధిలో పెరికెద్దులు ముందే కదిలాయి. మజిలీ మజిలీకి ధాన్యం కొట్లు కట్టారు, పూడిన బావులు తోడారు, దారిలో రైతుల దగ్గర గడ్డి వెల ఇచ్చి కొన్నారు. దాని తర్వాతే దండు కదిలి నల్లబండ చుట్టూ గుడారాలు వేసింది.

నల్లబండ పాలెగాడు రోజూ బురుజెక్కి చూసేవాడట, వీళ్ళ పొయ్యిల పొగ ఎప్పుడు సన్నబడుతుందా అని. సన్నబడితేగా! పైగా ఎద్దులు ఇంకా వస్తూనే ఉన్నాయి. చివరకు, "వీళ్ళు ఇక్కడే కాపురం పెట్టేట్టున్నారు," అని తలుపులు తీయించి, బిరుదులన్నీ ఒక్కటి పోకుండా చదివించి సంధి చేసుకున్నాడు. కత్తి ఒరలోంచి రాకుండానే పని అయిపోయింది.

దండు తిరిగొచ్చిన రోజు ముమ్మడమ్మ పొద్దున్నే పొయ్యి వెలిగించి, తమ్ముడికి ఇష్టమైనవన్నీ వండి గుమ్మంలో నిలబడింది. ప్రోలయ్య వచ్చాడు. బుగ్గలు పూడి ఉన్నాయి. ఆమె వాడి భుజాలు తడిమింది, పక్కలు తడిమింది. ఎముక చేతికి తగల్లేదు.

"రారా, కాళ్ళు కడుక్కో. అన్నం వడ్డిస్తాను."

"ఇప్పుడు ఆకలిగా లేదక్కా," అన్నాడు ప్రోలయ్య. "దారిలో మజిలీ దగ్గర తిన్నాను."

ముమ్మడమ్మ గడప మీదే కూలబడి, నవ్వుతూ ఏడ్చింది. దండు నుంచి వచ్చినవాడి నోట ఆ మాట ఆమె వినడం అదే మొదలు. తర్వాత కళ్ళు తుడుచుకుని లేచి విస్తరి వేసింది. వాడు ఎంత మొత్తుకున్నా విననే లేదు.