ఊగని గేరు రాడ్డు

ఇంతకు ముందు నేనేదీ రాయలేదు. ఐదో తరగతితో బడి మానేశాను, ఉత్తరం ముక్కయినా పక్కింటమ్మాయి చేతే రాయించుకునేదాన్ని. తప్పులుంటే మీలో మీరు నవ్వుకోండి. ఎలాగూ ఇది నవ్వుకోడానికి రాసిందే.

నాగులగెడ్డలో బెల్లం వండే కాండ్రేగుల వారింట్లో ఉండేది నలుగురు. నలుగురూ తెలివైనవాళ్ళే. ఆ మాట ఆ నలుగురూ ఒప్పుకున్నారు. అత్తగారు ఎర్నమ్మ, పెద్దకొడుకు గంగునాయుడు, చిన్నకొడుకు సూరప్పడు, గంగునాయుడి పెళ్ళాం నూకరత్నం.

"మనల్ని మోసం చేసేవోడు ఇంకా పుట్టలేదు" అనేది ఎర్నమ్మ.

"పుట్టుంటే కబురొచ్చేది కదమ్మా" అనేవాడు సూరప్పడు.

నూకరత్నం మాత్రం ఏమీ అనేది కాదు. అందరికన్నా తెలివి తనకే ఎక్కువని ఆమెకి తెలుసు. చెబితే మిగతావాళ్ళు చిన్నబుచ్చుకుంటారని లోపలే దాచుకుంది.

వాళ్ళ తెలివికో పద్ధతుంది. బెల్లం కొనేవాడు దిమ్మ అంచు విరిచి, లోపల రంగు చూసి, గోరుతో గీకి, నాలిక మీద వేసుకుని గాని కొనడు కదా. వీళ్ళు ఏది కొన్నా అంతే. గొడుగైనా గడియారమైనా అంచు విరవందే ఇంటికి తేరు. గోడ గడియారంలో పన్నెండు అంకె లేదు. మధ్యాహ్నం భోజనం వేళ ఎప్పుడయిందో ఆ ఇంట్లో ఎవరికీ తెలిసేది కాదు, అయినా గడియారం మంచిదని నమ్మకం.

ఒక ఏడు చెరకు బాగా పండింది. ట్రాక్టరు కొందామని అన్నదమ్ములిద్దరూ విశాఖపట్నం వెళ్ళారు. పాత బళ్ళు అమ్మే ఆయన, "మీకెలాంటిది కావాలి?" అనడిగాడు.

"ఎర్రగా ఉండాలి, గట్టిగా అరవాలి, తొక్కగానే ముందుకి దూకాలి" అన్నాడు గంగునాయుడు.

ఇంకేముంది, రెండే సీట్లున్న ఎర్ర స్పోర్ట్స్ కారొకటి అంటగట్టాడు. వీళ్ళు తెలివైనవాళ్ళు కాబట్టి ఊరికే తెచ్చుకోలేదు, పక్క అద్దం విరిచి చూసి మరీ లారీ మీద తెచ్చుకున్నారు.

దాన్ని నడపడం వచ్చింది నూకరత్నానికొక్కదానికే. ఆమె తండ్రి జీపు తోలేవాడు, పెళ్ళికి ముందు నేర్పాడు. ఈ ఇంటికొచ్చి పదిహేనేళ్ళు. ఆ పదిహేనేళ్ళలో తను తిప్పినవైపు తిరిగింది ఆ కారొక్కటే. అందుకని దాన్ని తుడిచినప్పుడల్లా రెండుసార్లు తుడిచేది.

ఎర్నమ్మకి మాత్రం కారు నచ్చలేదు. "సెరకు మొయ్యదు, దుక్కి దున్నదు, ముగ్గుర్ని ఎక్కించుకోదు. ఎందుకిది?"

అప్పుడే టౌన్లో ఆటల పోటీలొచ్చాయి. ఆడవాళ్ళకి కార్ల పందెమట, మైదానం చుట్టూ ఐదు చుట్లు. అది విని ఎర్నమ్మ కొంగు బిగించి తీర్పు చెప్పింది.

"ఇనుకోయే కోడలా. పందెంలో మొదటొచ్చావా, తాళం ఎప్పుడూ నీ నడుంకే. ఇంకెవరం ముట్టుకోం. రాలేదా, బుధవారం సంతలో గేదెకి మార్చేత్తాను."

నూకరత్నం గుడ్డ తీసుకుని ఆ పూట కారుని మూడోసారి కూడా తుడిచింది. పైకి మాత్రం, "అలాగేలే అత్తా" అంది.

నడపడంలో ఆమెకో చిక్కుంది. గేరు రాడ్డు మరీ పొడుగు. రెండులోంచి మూడులోకి వెయ్యాలంటే చెయ్యి అంత దూరం వెళ్ళి పక్కనున్న గంగునాయుడి మోకాలికి తగిలేది. తగలగానే ఆయన "మూడు!" అని కేకేసేవాడు. అది కారులోనే ఉన్న ఏర్పాటని ఇద్దరూ అనుకున్నారు.

మెకానిక్కు దాలినాయుడొచ్చి చూశాడు. "దీనికి పొట్టి రాడ్డు వేయించండమ్మా, షార్ట్ షిఫ్టరంటారు. చెయ్యి ఇంత కదిపితే చాలు, గేరు పడిపోద్ది. కంపెనీది బాగా ఖరీదు. బయట చేసినవి చౌకలో దొరుకుతాయి గాని, వాటిలో చెత్తెక్కువ. చూసి ఏరుకోండి. ఎంత పొట్టిదైతే అంత మంచిదనుకోకండి, మరీ పొట్టిదైతే బిగుసుకుపోద్ది. ముఖ్యంగా పట్టుకుని ఊపి చూడండి. ఊగేది తేవొద్దు. పాత రాడ్డు కొట్టువాడికి చూపించండి, సరిపడేది ఇస్తాడు."

"కారేసుకుని ఎల్దామా?" అంది నూకరత్నం.

"వదినా, ఆయన రాడ్డు చూపించమన్నాడు, కారు చూపించమన్లేదు" అన్నాడు సూరప్పడు. గునపం తెచ్చి రాడ్డు పీకేశాడు. అంతే, కారు కదలకుండా కూర్చుంది. నలుగురూ రాడ్డు పట్టుకుని బస్సెక్కారు.

గంగునాయుడు డ్రైవరు వెనక సీట్లో కూర్చుని రాడ్డు మోకాళ్ళ మధ్య నిలబెట్టుకున్నాడు. డ్రైవరు గేరు మార్చినప్పుడల్లా ఈయనా మార్చాడు. కాసేపు చూసి డ్రైవరన్నాడు, "బాబూ, ఒక బస్సుకి ఇద్దరం మారిస్తే ఎలాగండి? ఘాటు రోడ్డు దాకా మీరు మార్చండి, ఆ తరవాత నేను చూసుకుంటాను."

"ఘాటు ఎక్కడొత్తది?"

"ఈ దారిలో రాదు."

గంగునాయుడు విశాఖపట్నం దాకా ఆపకుండా మార్చాడు. దిగేసరికి భుజం వాచిపోయింది. "డ్రైవరు మంచోడు, నన్ను నమ్మి బస్సొదిలేశాడు" అన్నాడు.

విడిభాగాల కొట్టాయన పాత రాడ్డు చూశాడు, మూడు రకాలు తెచ్చి బల్ల మీద పెట్టాడు. "ఇది అన్నిటికన్నా చౌక. ఇది మధ్యరకం. ఇది కొంచెం ఎక్కువ, గాని కింద గుండు ఇత్తడిది, చాన్నాళ్ళొస్తుంది."

ఎర్నమ్మ ముందుకొచ్చింది. చౌకదాన్ని తీసి గోరుతో గీకింది, వాసన చూసింది, నాలికతో తాకింది. "ఉప్పగా ఉంది. పాకం చెడింది."

"అది ఇనుమమ్మా."

"ఇనుమైతే మాత్రం? అంచు విరిచి లోపల రంగు సూపించు."

"విరిస్తే ఎవరు కొంటారమ్మా?"

"విరవకపోతే ఎవరు కొంటారు?"

కొట్టాయన నుదురు తుడుచుకున్నాడు. నూకరత్నానికి అత్తగారి వరస చూస్తే సిగ్గేసింది. ఇనుముని ఎవరైనా రుచి చూస్తారా? ముందు ఊపి చూడాలి కదా! ఆమె చౌక రాడ్డు చేతిలోకి తీసుకుని ఊపింది. ఊగింది. మధ్యరకం ఊపింది. అదీ ఊగింది. ఇత్తడి గుండుది తీసుకుని బలమంతా పెట్టి ఊపింది. అది ఇంకా ఎక్కువ ఊగింది.

"ఇవన్నీ ఊగుతున్నాయండీ" అంది మెల్లగా.

"మీరు ఊపుతున్నారమ్మా, అందుకు ఊగుతున్నాయి."

"ఊపితే ఊగకూడదని మా మెకానిక్కు చెప్పాడండీ."

"అది కారుకి బిగించాక సంగతమ్మా!"

"కొన్నాక తెలిస్తే ఏం లాభం?" అన్నాడు గంగునాయుడు. నలుగురూ వంతులవారీగా ఊపారు. కొట్లో రాడ్లన్నీ ఊపారు. తలుపు గొళ్ళెం కూడా ఊపారు. ఒక్కటీ నిలబడలేదు.

నూకరత్నం దిగులుగా తలెత్తింది. గోడ మీద, అందరికీ కనబడేలా, చెక్కపలక మీద బోల్టులతో బిగించిన పొట్టి రాడ్డొకటుంది. వెళ్ళి పట్టుకుని ఊపింది. కదల్లేదు. గంగునాయుడు ఊపాడు. కదల్లేదు. సూరప్పడు గోడకి కాలు తన్నిపెట్టి లాగాడు. సున్నం రాలింది గాని రాడ్డు కదల్లేదు.

"ఇదీ మంచి సరుకంటే!" అంది ఎర్నమ్మ. "మంచిది గోడకెక్కించి మాకు ఊగేవి సూపిస్తాడా?"

"అది నమూనా అమ్మా, మధ్యరకమే. పలక మీద బిగించాం కాబట్టి కదలట్లేదు, గేరు వేసినట్టు తోస్తేనే కదులుతుంది. బల్ల మీదున్నది కూడా అదే."

"అయితే పలకతోనే ఇయ్యి."

కొట్టాయన కాసేపు వాళ్ళని చూశాడు, కాసేపు గోడని చూశాడు. పలక దింపి ఇచ్చేశాడు.

దారంతా నూకరత్నం దాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ముగ్గురు ఓడిపోయిన చోట తన కంటికే ఆనింది మంచి సరుకు. తెలివంటే ఇదీ!

ఇంటికి రాగానే సూరప్పడు రెండు సీట్ల మధ్యా పలక పెట్టి నాలుగు మేకులు కొట్టాడు. నూకరత్నం ఎక్కి కూర్చుంది, కారు అరిచింది. మొదటి గేరు వేసింది, వెన్నలా పడింది. రెండోది, మూడోది, అన్నీ రెండు వేళ్ళ దూరంలోనే పడ్డాయి. గంగునాయుడి మోకాలికి ఏమీ తగల్లేదు. కారు మాత్రం అంగుళం కదల్లేదు.

"రాడ్డు భేషుగ్గా ఉంది, కారే మొండికేసింది" అన్నాడు సూరప్పడు.

"కొత్తరాడ్డు కదా, సిగ్గుపడతందేమో. ఒకరోజు వదిలేయండి" అంది ఎర్నమ్మ.

ఒకరోజు వదిలేశారు. రెండోరోజు పసుపు రాశారు. మూడోరోజు ఆ అరుపులు వినలేక దాలినాయుడే వచ్చాడు. పలక చూశాడు. మేకులు చూశాడు. కాసేపు గట్టు మీద కూర్చున్నాడు. తరవాత లేచి బోల్టులు విప్పి, రాడ్డు ఊడదీసి, కిందనుంచి కారుకి బిగించాడు. అంతే, కారు కదిలింది.

"బానే ఏరుకున్నారమ్మా, ఈ ధరకి ఇంతకన్నా మంచిది రాదు" అన్నాడు. నూకరత్నం తలొంచుకుని నవ్వుకుంది. "ఇంక రెండు వేళ్ళతో గేరు పడుద్ది."

ఇంకేముంది, మిగతా మూడు వేళ్ళూ అడ్డమొస్తాయని పందెం రోజు ఆమె వాటికి గుడ్డ చుట్టుకుని మరీ వెళ్ళింది.

పందెంలో ఆరు కార్లు. జెండా ఊపారు. ఒకటి, రెండు, మూడు, గేర్లు చకచకా పడిపోతున్నాయి. మొదటి చుట్టులో ఆమె కారు నాలుగోది, రెండో చుట్టులో రెండోది, మూడో చుట్టు అయ్యేసరికి ముందెవరూ లేరు. నూకరత్నానికి గాలి చెవుల్లో హోరుమంటోంది. ఇంకా రెండే చుట్లు.

అక్కడ వేదిక దగ్గర ఎర్నమ్మ కంగారు పడిపోతోంది. మైకాయన చొక్కా పట్టుకుంది. "బాబూ, మా కోడలు ఒక్కచోట నిలబడట్లేదు. ఇటు సూత్తే అటెల్లిపోతంది, అటు సూత్తే ఇటొచ్చేత్తంది. తప్పిపోద్దేమో, కొంచెం పిలువు బాబూ."

ఆయన పేరడిగి, అలవాటు కొద్దీ పిలిచేశాడు. "కాండ్రేగుల నూకరత్నం గారు! కాండ్రేగుల నూకరత్నం గారు! మీరు ఎక్కడున్నా వెంటనే వేదిక దగ్గరకి రావలసిందిగా కోరుతున్నాం."

నూకరత్నం విన్నది. ఎక్కడున్నా అన్నారు. వెంటనే అన్నారు. పైగా గారు అన్నారు. పెద్దవాళ్ళు అంత మర్యాదగా పిలిస్తే వెళ్ళకుండా ఉంటామా? కారుని మైదానం చుట్టూ కట్టిన తాడు కిందనుంచి మళ్ళించి, వేదిక ముందు ఆపి, దిగి దణ్ణం పెట్టింది. వెనకనుంచి ఐదు కార్లూ సర్రున వెళ్ళిపోయాయి.

పోటీలు పెట్టిన పెద్దాయన తల పట్టుకున్నాడు. "అమ్మా! ఇంకా రెండు చుట్లున్నాయి కదమ్మా!"

"పిలిచారు కదండీ."

జనమంతా గొల్లుమన్నారు. ఆయనకీ నవ్వాగలేదు. "సరే, వచ్చేశారుగా, కూర్చోండి. ఆ రెండు చుట్లూ రేపొద్దున తీరిగ్గా తిరుగుదురు గాని."

ఎంత మంచాయన, ఎంత ఓపిక, అనుకుంది నూకరత్నం.

"మొదటొచ్చావేటే?" అనడిగింది ఎర్నమ్మ.

"ఇంకా తేల్లేదత్తా. రెండు చుట్లు రేపటికి వాయిదా వేశారు."

"పోన్లే, గేదెని కూడా రేపే సూద్దాం."

మర్నాడు పొద్దున్నే నూకరత్నం తలస్నానం చేసి, మూడు వేళ్ళకీ గుడ్డ చుట్టుకుని, కారేసుకుని మైదానానికి వెళ్ళింది. మిగతా ముగ్గురూ బస్సులో వచ్చారు. అక్కడ షామియానా విప్పుతున్న ఇద్దరు కూలీలు తప్ప ఎవరూ లేరు. సూరప్పడు తువ్వాలు ఊపాడు. ఆమె రెండు చుట్లూ తిరిగింది, ఒక్క గేరూ తప్పకుండా తిరిగింది. గీత దాటాక ఆపి ముందుకి చూసింది, ఎవరూ లేరు. వెనక్కి చూసింది, ఎవరూ లేరు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"మొదటొచ్చానత్తా!"

ఎర్నమ్మ మాట మీద నిలబడే మనిషి. అక్కడికక్కడే కారులోంచి తాళం లాగేసింది. ఇంజను ఆగిపోయింది. తాళానికి దారం కట్టి కోడలి నడుంకి మూడు ముళ్ళేసింది. "ఇంక ఇది ఎప్పుడూ ఇక్కడే. ఎవరం ముట్టుకోం."

మరి ఇంటికెళ్ళాలి కదా. తాళం నడుం దగ్గరే ఉండాలన్నది మాట, మాట తప్పే వంశం కాదు. అంతే, కొడుకులిద్దరూ, ఎర్నమ్మా కారు వెనక్కి చేరి తోయడం మొదలుపెట్టారు. పదకొండు కిలోమీటర్లు. నూకరత్నం స్టీరింగు పట్టుకుని దర్జాగా కూర్చుంది. మైదానం గేటు దాటాక అద్దంలోంచి వెనక ముగ్గురినీ చూసుకుని, పాపం మెల్లగా వస్తున్నారని, రెండు వేళ్ళతో మూడో గేరు వేసింది.