తిరిగొచ్చిన ఊహ

సముద్రం ఒడ్డుకు దగ్గరలో ఉన్న ఒక వరి పరిశోధన కేంద్రంలో భానోజీ అనే శాస్త్రవేత్త ఉండేవాడు. మహా చదువరి గానీ, ‘తెలియదు’ అని రాయడమంటే ఆయనకు తల తీసేసినట్టుండేది.

ఆయన పనేమిటంటారా? మొక్క ఒంట్లో జన్యువులని ఉంటాయి. పెళ్ళింట్లో ఒకరు వంట, ఒకరు వడ్డన చూసుకున్నట్టు, అవి తలా ఒక పని చూసుకుంటాయి. ఏది ఏ పని చేస్తుందో దేశదేశాల వాళ్ళు పరీక్షలు చేసి రాస్తుంటారు. అవన్నీ చదివి, వరుసలో పెట్టి కంప్యూటర్‌లోకి ఎక్కించడం భానోజీ పని. జన్యువు పని పక్కనే ఇంకో గడి ఉండేది: ‘ఎలా తెలిసింది?’ పరీక్షలో తేలితే ‘చూశాం’ అని, ఇంకో జన్యువు పోలికను బట్టి అనుకుంటే ‘ఊహ’ అని రాయాలి. భలే ఏర్పాటు కదూ! భానోజీకి మాత్రం ‘ఊహ’ అని రాయడానికి చెయ్యి వచ్చేది కాదు.

ఒకసారి ఒక వరి జన్యువు, ఉప్పును బయటికి నెట్టే వేరే మొక్క జన్యువులా కనబడింది. ‘ఉప్పును నెట్టేస్తుంది’ అని రాసి, పక్క గడిలో ‘చూశాం’ అని పెట్టేశాడు.

కొన్నేళ్ళకి, అదే కేంద్రంలో కొత్త వరి రకాలు తయారుచేసే సువార్త అనే శాస్త్రవేత్త ఆయన గదికి వచ్చింది. చౌడు నేల కోసం ఆమె రెండు రకాలు సిద్ధం చేసింది. ఒకదాంట్లో ఈ జన్యువుంది. పరీక్షించడానికి ఉప్పునీటి మడి మాత్రం ఒక్కటే ఖాళీగా ఉంది, ఈ ఏడు ఏదో ఒక రకమే నాటాలి.

“సార్, ఈ జన్యువు పని నిజంగా ఎవరైనా చూశారా?”

“చూడ్డమెందుకమ్మా? అచ్చు గుద్దినట్టు పోలిక ఉంటేను!”

“మా అక్కదీ నాదీ ఒకటే పోలిక సార్. ఆవిడ పాడితే చర్చి నిండుతుంది, నేను పాడితే ఖాళీ అవుతుంది.”

భానోజీకి లోపల కాస్త గుబులు పుట్టింది. అదే జన్యువు గురించి వేరే రెండు కేంద్రాలు రాసుకున్న వివరాలు తెరిచాడు. రెండింట్లోనూ అదే పని, అదే ‘చూశాం’!

“ఇదిగో, ఇద్దరు సాక్షులు! ఇంకేం కావాలి?” అన్నాడు హుషారుగా.

సువార్త నమ్మింది. ఆ రకమే నాటించింది. ఈలోగా పక్క ఊరి రైతు పోలయ్య వచ్చాడు.

“మేడమ్ గారూ, నా చౌడు పొలాన్ని రొయ్యల చెరువుకి అడుగుతున్నారండీ. ఒకసారి తవ్వితే మళ్ళీ అది పొలం కాదు. ఆగమంటారా?”

“ఈ పంట చూసేదాకా ఆగండి పోలయ్య గారూ.”

మడికి ఉప్పునీరు పెట్టారు. ముందు ఆకుల కొసలు మాడాయి, తర్వాత మొక్కలే వాలిపోయాయి. పోలయ్య గట్టు మీద నిలబడి చూశాడు.

“ఈ మాత్రం చావగొట్టడం నాకూ వచ్చండీ” అని వెళ్ళిపోయాడు. ఆ వారమే అతని పొలంలో పొక్లెయిన్ దిగింది.

భానోజీ ఆ రెండు కేంద్రాలకూ ఫోన్ చేశాడు. “మేమెక్కడ చూశామండీ? మీరు చూశారని రాసుకున్నాం” అన్నారు మొదటివాళ్ళు. “మేం వాళ్ళ దగ్గర తీసుకున్నాం” అన్నారు రెండోవాళ్ళు.

“అయితే సార్, మీకు మీరే సాక్ష్యం చెప్పుకున్నారన్నమాట” అంది సువార్త.

భానోజీ తను రాసిన గడులన్నీ మళ్ళీ తెరిచాడు. ఆ రోజే కూర్చుని, చూడనివాటి పక్కన ‘ఊహ’ అని, ఊహకైనా అందనివాటి పక్కన ‘తెలియదు’ అని దిద్దడం మొదలుపెట్టాడు.

మరుసటేడు రెండో రకం అదే ఉప్పునీట్లో పచ్చగా నిలిచింది. భానోజీ, సువార్త విత్తనాల సంచి పట్టుకుని పోలయ్య దగ్గరికి వెళ్ళారు. పొలం ఉన్నచోట రొయ్యల చెరువు ఉంది, అందులో నీటికి గాలి పట్టించే చక్రాలు నీళ్ళు చిమ్ముతూ తిరుగుతున్నాయి.

“మంచి విత్తనమే. ఎక్కడ చల్లమంటారండీ?” అన్నాడు పోలయ్య.

నీతి: తెలియదనడం నామోషీ కాదు, ఊహించినదాన్ని చూశానని చెబితే, అది నోళ్ళు మారి వచ్చి మనల్నే నమ్మిస్తుంది, నష్టం మాత్రం ఇంకొకరి పొలంలో పడుతుంది.