మూడేళ్ళ కిందటి జవాబు

ఒక రేవు పట్నంలో నూకయ్య అనే మనిషి తెరచాపలు కుట్టేవాడు. ముప్పై ఏళ్ళుగా అదే పని. కుట్టిన చాప ఓడ మీదికి ఎక్కాక ఏ దేశం పోతుందో, అక్కడి గాలి దాన్ని ఎలా పట్టుకుంటుందో అతనికి తెలియదు. భార్య పోయింది, పిల్లలు లేరు. ఒకరోజు సూది పక్కన పెట్టి, తన చాపలు ఎక్కడికి పోతున్నాయో చూసి వస్తానన్నాడు. ఇల్లూ కొట్టూ అమ్మేసేదాకా ఎవరూ నమ్మలేదు.

అమ్మగా వచ్చిన డబ్బు మూటగట్టుకుని సాహుకారు దగ్గరికి వెళ్ళాడు. ఆ సాహుకారుకి సముద్రం పొడవునా రేవు రేవుకీ ఒక కొట్టు ఉంది. డబ్బంతా వెంట తీసుకుపోవద్దనీ, కొంచెం నడుముకు కట్టుకుని, మరికొంచెం పెట్టెలో దాచుకుని, మిగిలింది తన దగ్గరే ఉంచమనీ అతను చెప్పాడు. దానికి బదులు ఒక కాగితం ఇస్తాడు. ఏ రేవులో దిగినా అది చూపించి కావలసినంత తీసుకోవచ్చు.

కాగితం ఎవరైనా కాజేస్తే ఏం గతి అని నూకయ్య అడిగాడు.

దానికీ ఒక పద్ధతి ఉందట. ప్రతి కాగితానికీ ఒక ప్రశ్న తోడుంటుంది. దాని జవాబు లక్క ముద్ర వేసిన కవరులో వేరే ఓడ మీద ముందే రేవులకు చేరుతుంది. కాగితం చూపించినవాడు జవాబు కూడా సరిగ్గా చెప్పాలి.

“నీకు అన్నిటికన్నా ఏదంటే భయం?” అని అడిగాడు సాహుకారు. “ఇదొక్కటి మనిషి ఎవరికీ చెప్పుకోడు. అందుకే అందరినీ ఇదే అడుగుతాం.”

నూకయ్య కిటికీలోంచి రేవు వైపు చూశాడు.

“సముద్రం” అన్నాడు.

సాహుకారు కలం ఆగింది. మర్నాడు ఓడ ఎక్కబోతున్న మనిషి వంక ఒకసారి చూసి, రాసుకున్నాడు.

మొదటి ఏడాదంతా నూకయ్య ఓడ అడుగున కళ్ళు మూసుకుని పడుకునేవాడు. రేవు వచ్చిందంటే చాలు, లేచి పరుగున దిగేవాడు. కొట్టులో వాళ్ళ ప్రశ్న పూర్తి కాకముందే జవాబు చెప్పేసేవాడు. ఒక నెలకు సరిపడా మాత్రమే తీసుకునేవాడు. ఒకచోట సంతలో ఎవడో నడుముకున్న సంచీ కోసుకుపోయినా అందుకే పెద్దగా నష్టపోలేదు.

చూడాలనుకున్నవి చూశాడు. ఒక దేశంలో తాటాకుతో తెరచాపలు అల్లుతారు. మరో దేశంలో కొత్త చాపకు ఆడవాళ్ళు కళ్ళు గీస్తారు, దారి చూసుకుంటుందని. ఇంకోచోట చేపల అంగడికి నీడగా కట్టిన పాత గుడ్డ ఒకటి కనిపించింది. కుట్టు చూసి తనదేనని గుర్తుపట్టాడు. అంగడివాళ్ళు పిలిచి అన్నం పెడితే దాని కిందే కూర్చుని తిన్నాడు.

రెండో ఏడాది ఒక పట్టపగలు గాలివాన కమ్ముకుంది. నావికులతో పాటు నూకయ్య కూడా తాడు పట్టుకున్నాడు. వాళ్ళందరి కళ్ళ ముందే చాప నిలువునా చిరిగింది. అయినా ఓడ ఒడ్డుకు చేరింది. ఆనాటి నుంచి అతను ఓడ అడుగుకు వెళ్ళలేదు. అంచున కాళ్ళు వేలాడేసుకుని నీళ్ళు చూస్తూ కూర్చునేవాడు. తనలో ఏదో మారిందని అతనికి అప్పట్లో తట్టనేలేదు. ఆ తరవాత ఏడాది పాటు ఓడల మీద చాపలకు మాట్లు వేసి తిండి సంపాదించుకున్నాడు కాబట్టి, సాహుకారు కొట్టు గడప తొక్కే అవసరమూ రాలేదు.

మూడో ఏడాది చివర ఒక అత్తరు వర్తకుడు అతనికి తోడయ్యాడు. ఓడలో నూకయ్యకు జ్వరం తగిలితే పక్కనే కూర్చుని గంజి పట్టాడు. ఊరి సంగతులు, పని సంగతులు ఆప్యాయంగా అడిగాడు. సాహుకారు కొట్లు ఏం ప్రశ్న అడుగుతాయో అతనికి ముందే తెలుసు. జ్వరం మత్తులో నూకయ్య తన సంగతులు చాలానే చెప్పాడు. మొదట్లో నీళ్ళంటే ఎంత వణికేవాడో కూడా చెప్పాడు.

ఓడ చివరి రేవులో ఆగిన పొద్దున నూకయ్య లేచేసరికి పక్కన మనిషి లేడు. చొక్కా అస్తరు లోపల కాగితం పెట్టి కుట్టుకున్న చోటు తడిమాడు. అక్కడ కుట్టు ఉంది, కానీ అది తన చేతి కుట్టు కాదు. విప్పి చూస్తే ఖాళీ. గోడలు పట్టుకుంటూ, ఆగుతూ ఆగుతూ సాహుకారు కొట్టుకు వెళ్ళాడు.

ఆ కొట్టు ఒక పెద్దావిడ చూసుకుంటోంది. ఆమె పూర్వులు నూకయ్య ఊరి వైపు నుంచే వలస పోయారు. ఆమె మాత్రం అక్కడే పుట్టింది, అక్కడే ముసలిదైంది, ఓడ ఎక్కి ఎరగదు. నూకయ్య వెళ్ళేసరికి ఆమె ఎదుట అత్తరు వర్తకుడు కూర్చుని ఉన్నాడు. అప్పటికే కాగితం చూపించాడు, జవాబు చెప్పాడు. కవరు విప్పి ఉంది. ఆమె డబ్బు పెట్టె తాళం తీయబోతోంది.

నూకయ్య తానెవరో చెప్పుకున్నాడు. అతను అబద్ధమాడుతున్నాడని వర్తకుడు మెల్లగా అన్నాడు. ఆమె తాళంచెవి కిందపెట్టి కవరు బోర్లించింది. నూకయ్య వైపు తిరిగి అదే ప్రశ్న అడిగింది.

నూకయ్య “సముద్రం” అనబోయాడు, కానీ అది ఇప్పుడు నిజం కాదు. ఆలోచించి, ఉన్నమాటే చెప్పాడు.

“ఒడ్డు, అమ్మా” అన్నాడు.

వర్తకుడు నవ్వాడు. ఆమె నవ్వలేదు. ఈ మూడేళ్ళలో ఎన్ని ఓడలు ఎక్కావని వర్తకుణ్ణి అడిగింది. పదకొండు అన్నాడు. సముద్రమంటే ఇంకా భయమేనా అంటే, భయమేనన్నాడు. ఎందుకని అడిగితే, సముద్రమంటే ఎవరికి భయం ఉండదన్నాడు.

ఇప్పుడు ఆమె నూకయ్యను కూర్చోమని, ఒడ్డంటే భయమెందుకని అడిగింది.

అతను ఆగి ఆగి చెప్పాడు. పనిలో దిగిన కొత్తలో తాను కుట్టిన చాప ఒకటి నడిసముద్రంలో చిరిగిందట. నలుగురు తిరిగి రాలేదు. తప్పు తన దారానిదేనని అనుకున్నాడు. నీళ్ళలోకి దిగితే ఆ నలుగురి లెక్క సముద్రం అడుగుతుందని ముప్పై ఏళ్ళు భయపడ్డాడు. కిందటేడు గాలివానలో చిరిగిన చాప వేరే ఊరివాళ్ళు గట్టి దారంతో కుట్టింది. అయినా చిరిగింది. తరవాత తరవాత తెలిసింది, సముద్రం తనను ఏమీ అడగదని.

“ఒడ్డు అడుగుతుందమ్మా. దిగగానే, ఎక్కడికి పోతావు అంటుంది. నాకు ఇల్లు లేదు. అమ్మేశాను” అన్నాడు.

ఆమె కాగితాన్ని వర్తకుడి ముందు నుంచి తీసి నూకయ్య చేతిలో పెట్టింది.

“నేను చెప్పిన జవాబే సరైనది” అన్నాడు వర్తకుడు. “కవరులో ఉన్నది మీరే చూశారు.”

“సరైనదే. కానీ అది మూడేళ్ళ కిందటి మనిషిది” అంది ఆమె. “ఆ మనిషి ఇక్కడిదాకా రాలేదు.”

వాకిట్లో కావలివాళ్ళు ఉన్నారు. వర్తకుడు వాళ్ళను చూసి, మాట పెంచకుండా వెళ్ళిపోయాడు.

మందుకూ తిండికీ సరిపడా ఇచ్చి, మిగిలిన డబ్బుకు ఆమె కొత్త కాగితం రాయడం మొదలుపెట్టింది. ఈసారి ఎప్పటికీ మారని ప్రశ్న ఏదైనా అడగమన్నాడు నూకయ్య. ముప్పై ఏళ్ళుగా ఇక్కడ కూర్చున్నాననీ, అలాంటిది ఒక్కటి కూడా దొరకలేదనీ ఆమె అంది. అలాగైతే మీ జవాబేమిటమ్మా అని అతను ఊరికే, తెలుసుకుందామని అడిగాడు.

ఆమెను ఆ ప్రశ్న ఎవరూ అడిగి ఉండలేదు. కలం సిరాలో ముంచి, ఆరిపోయేదాకా అలాగే పట్టుకుంది.

మరో ఓడ బయలుదేరిన రోజు కొట్టులో ఆమె చోట కొత్త మనిషి కూర్చున్నాడు. బల్ల మీద ముందుగా రేవులకు పంపవలసిన కవర్ల కట్ట ఉంది. అన్నిటికన్నా పైనున్న కవరు మీద ఆమె పేరు, ఆమె దస్తూరీతోనే ఉంది. లక్క ఇంకా ఆరలేదు. కొత్తవాడు దాన్ని ఎత్తి కిటికీ వెలుతురుకు అడ్డంగా పట్టుకుని చూశాడు. లోపల కాగితం మీద ప్రశ్న కనిపించింది. దాని కింద ఏమీ రాసి లేదు.