లేవని పిట్ట

సోమలింగానికి నగరం చుట్టుపక్కల తిరిగే పిట్టలన్నీ తెలుసు. కూత వింటే పేరు చెప్తాడు. ఈక దొరికితే ఏ పిట్టదో, ఏ వయసుదో చెప్తాడు. ఆ వేసవి చివర అతనికి వచ్చిన చిక్కు కూడా పిట్టల వల్లనే వచ్చింది.

ఏడాదంతా అతను ఒక జూనియర్ కాలేజీలో జంతుశాస్త్రం పాఠాలు చెప్తాడు. సెలవుల్లో ఒక సర్వే కంపెనీకి పనిచేస్తాడు. ఎక్కడన్నా పెద్ద కట్టడం రావాలంటే ముందు ఆ జాగాలో ఏ చెట్లున్నాయో, ఏ జీవాలున్నాయో రాసివ్వాలి. అందులో పిట్టల వంతు సోమలింగానిది. రోహిణి కార్తె ఎండల్లో కంపెనీ అతన్ని ఊదరకుంటకు పంపింది. రింగురోడ్డు అవతల నలభై ఎకరాల కుంట అది. వానాకాలం నిండుతుంది, ఎండాకాలం ఎండుతుంది. దాన్ని పూడ్చి ఇళ్లు కట్టాలని ఎవరో పెద్దమనుషులు అనుకున్నారు.

సోమలింగం మూడు రోజులు తిరిగాడు. కుంట నడుమ చిన్న మడుగు మిగిలింది. దాని అంచున గుడ్డికొంగలు నిలబడి ఉన్నాయి. తుమ్మకొమ్మ మీద ఏట్రింత, కరెంటు తీగ మీద పాలపిట్ట. గట్టు మీది ఈతచెట్టుకు గిజిగాళ్లు అప్పుడప్పుడే గూళ్లు అల్లడం మొదలుపెట్టాయి. పొదల్లో జెముడుకాకి, ఎండిన మట్టిలో రెండు తీతువులు. అన్నీ ఎక్కడైనా కనబడేవే. మూడో రోజు సాయంత్రం దుర్భిణి సంచిలో పెట్టుకుంటూ అతను కొంచెం చిన్నబుచ్చుకున్నాడు.

కంపెనీ మేనేజరు రత్నాకర్ రిపోర్టు ముందే టైపు చేయించి ఉంచాడు. చివరి వాక్యం ఒకటే ముఖ్యం. 'చెప్పుకోదగిన పక్షులేవీ లేవు.' దాని కింద సంతకానికి జాగా. శనివారంలోగా ఇవ్వాలి.

అది అబద్ధమని సోమలింగం అనలేకపోయాడు. సంతకం పెడదామంటే చెయ్యి రాలేదు. కాగితం మడిచి జేబులో పెట్టుకుని చెన్నమాంబ దగ్గరికి వెళ్లాడు.

చెన్నమాంబ, కదలనిదొక్కటే నిజమనే అచల బోధ చెప్పే గురువు. డెబ్భై దాటిన మనిషి. ఊదరకుంట గట్టు మీదనే రెండు గదుల పెంకుటిల్లు. కుంట పూడ్చేవాళ్లు ఆ ఇంటి జోలికి రావడం లేదు. పైగా ప్లానులో ఆమె వాకిలి దాకా సిమెంటు రోడ్డు గీశారు. ఆమె దగ్గర ఉపదేశం తీసుకున్నవాళ్లు యాభైమంది దాకా ఉంటారు. మేస్త్రీలు, ఆటో నడిపేవాళ్లు, కూరగాయలమ్మే ఆడవాళ్లు. పెద్ద చదువు చదివినవాడు సోమలింగం ఒక్కడే. ఏడేళ్లుగా వస్తున్నా ఆ సంగతి అతను మర్చిపోలేదు.

అతను వెళ్లేసరికి ఆమె అరుగు మీద కూర్చుని చేటలో బియ్యం ఏరుతోంది.

"అమ్మా, ఒక సంశయం."

"చెప్పు బిడ్డా."

కాగితం సంగతంతా చెప్పాడు. చెప్తూ చెప్తూ గొంతు పెంచాడు. "అన్నీ మామూలు పిట్టలే అమ్మా. లోకంల తక్కువైపోతున్న పిట్ట ఒక్కటన్నా ఉంటే నేను ఎంతదాకనన్న కొట్లాడేటోన్ని. లేనిదానికి ఏం జూపి కొట్లాడాలె? సంతకం పెడితే తప్పయితదా?"

ఆమె ఒక మట్టిబెడ్డ ఏరి పక్కన వేసింది.

"రేపు పొద్దుగాల రా. చెప్పులు ఇడిసి, ఈ ఒడ్డుకెంచి ఆ ఒడ్డుకు కుంటల నడువు."

"మూడు దినాలు నడిచిన గదమ్మా."

"చెప్పులేసుకొని నడిసినవ్."

ఆమె మళ్లీ బియ్యం ఏరసాగింది.

మర్నాడు ఎండ ముదరకముందే వచ్చి, చెప్పులు ఆమె వాకిట్లో విడిచి కుంటలోకి దిగాడు. మట్టి నెర్రెలు విచ్చి, పెళ్లల అంచులు పదునుగా ఉన్నాయి. తుమ్మముళ్లు, ఎండిన నత్తగుల్లలు. ఒక్కో అడుగూ చూసుకుని వేయాల్సి వచ్చింది. మూడు రోజులూ అతని కళ్లు చెట్ల మీద, తీగల మీద, ఆకాశంలో ఉన్నాయి. నేలను చూడటం ఇదే మొదలు.

సగం దూరం పోయేసరికి తీతువులు రెండూ అరుస్తూ లేచాయి. ఒకటి సూటిగా అతని ముఖం మీదికి దిగి, చెవి పక్కనుంచి రెక్క గాలి తగిలేలా దూసుకుపోయింది. తిరిగి వచ్చింది. మళ్లీ వచ్చింది. సోమలింగం కదలకుండా నిలబడిపోయాడు. ఆ అరుపుకు అర్థం ఏమిటో అతను పిల్లలకు పాఠం చెప్పినవాడే. గుడ్లు దగ్గర్లో ఉన్నాయి.

నిలబడిన చోటే ఉండి వెతికాడు. ఎడమకు చూశాడు, కుడికి చూశాడు. పలుగురాళ్లు, మట్టి, ఎండిన పేడ. చాలాసేపటికి కుడికాలి ముందర, జానెడు దూరంలో, నాలుగు రాళ్లు గుడ్లయ్యాయి. మట్టిరంగు మీద నల్లమచ్చలు. గూడంటూ ఏమీ లేదు. చిన్న గుంట, చుట్టూ నాలుగు గులకరాళ్లు.

తన అడుగుల్లోనే అడుగులు వేసుకుంటూ వెనక్కి వచ్చాడు. చెన్నమాంబ గట్టు మీద నిలబడి ఉంది.

"ఇంకొక్క అడుగు ఏస్తే తొక్కేటోన్ని అమ్మా."

"మూడు దినాల్ల ఎన్ని అడుగులేసినవో" అంది ఆమె.

సోమలింగం తల వంచుకున్నాడు.

అప్పుడే రింగురోడ్డు దిక్కునుంచి మూడు టిప్పర్లు కుంటలోకి దిగాయి. ఎక్కడో కూల్చిన ఇంటి ఇటుకలు, సిమెంటు పెళ్లలు నింపుకుని వస్తున్నాయి. రిపోర్టు ఇంకా ఇవ్వనే లేదు. పూడ్చడం మాత్రం మొదలైపోయింది.

చెన్నమాంబ ఇంట్లోకి పోయి పీట, గొడుగు, బియ్యపు చేట తెచ్చుకుంది. మెల్లగా గట్టు దిగింది. గుడ్లకు ముప్పై అడుగుల ఇవతల, టిప్పర్లు వచ్చే దారికి అడ్డంగా పీట వేసుకుని కూర్చుంది. గొడుగు భుజానికి ఆనించుకుని బియ్యం ఏరడం మొదలుపెట్టింది.

తీతువులు ఆమె చుట్టూ తిరిగి అరిచాయి. ఆమె కదలకపోవడం చూసి, కాసేపటికి ఒకటి కిందికి దిగింది. నాలుగడుగులు నడిచి ఆగింది, మళ్లీ నడిచింది. చివరికి గుడ్ల మీద కూర్చుంది.

ముందున్న టిప్పరు ఆగింది. టోపీ పెట్టుకున్న సూపర్‌వైజరు దిగి వచ్చాడు.

"అమ్మా, జర పక్కకు జరుగు. లోడు దింపాలె."

"అటు దింపుకో బిడ్డా."

"మొత్తం నింపుడే ఉన్నదమ్మా. ఇక్కడ పిట్టలు లేవని సార్లు రాసిండ్రట గద."

"లేవవు" అంది చెన్నమాంబ. "అగో సూడు, గుడ్ల మీద కూసున్నది. ఎంత లొల్లి పెట్టినా లేవది. నేను గూడ లేవ."

సూపర్‌వైజరు గట్టు వైపు చూశాడు. సోమలింగం మెడలో కంపెనీ కార్డు వేలాడుతోంది.

"సార్, మీరు కంపెనీ సారే గద. మీరన్న చెప్పుండ్రి."

సోమలింగం గట్టు దిగి వచ్చాడు. ఏదో ఒకటి నచ్చజెప్పాలని నోరు తెరిచాడు. ఎవరికి చెప్పాలో తెలియలేదు.

టిప్పరు డ్రైవరుకు ఓపిక పోయింది. ముసలామె జడిసి లేస్తుందేమోనని ఇంజను గట్టిగా అరిపించి, బండిని ఒక బారెడు ముందుకు పోనిచ్చాడు. నేల అదిరింది. చేటలో బియ్యం గింజలు ఎగిరాయి. చెన్నమాంబ చేటను ఒడిలోకి లాక్కుంది, అంతే.

వెనక తీతువు గుడ్ల మీదనే నిలబడింది. రెండు రెక్కలూ బార్లా చాపి, మెడ ముందుకు సాచి టిప్పరు మీద అరిచింది. చక్రంలో సగానికి కూడా రాని పిట్ట. ఇంజను అరుపులోనుంచి దాని అరుపు విడిగా వినబడుతూనే ఉంది.

"దానికి తెల్వదమ్మా" అన్నాడు సోమలింగం మెల్లగా. "బండి ఎంతుంటదో దానికి తెల్వదు."

"తెలుసు" అంది చెన్నమాంబ.

డ్రైవరు ఇంజను ఆపేశాడు. తల బయటపెట్టి సూపర్‌వైజరుతో అన్నాడు. "తీతువు మొఖం మీద అరుస్తున్నదన్నా. మంచిది కాదంటరు."

"ఎవరికి మంచిది కాదు?" అని అడిగింది చెన్నమాంబ.

డ్రైవరు ఆలోచించాడు. బండి వెనక్కి తిప్పి తూర్పు మూలకు పోనిచ్చాడు. మిగిలిన రెండూ దాని వెంట పోయాయి.

సోమలింగం మెడలోని కార్డు తీసి జేబులో వేసుకున్నాడు. మట్టి అప్పటికే కాలుతోంది. అయినా ఆమె పక్కన నేల మీదనే కూర్చున్నాడు.

మధ్యాహ్నానికి ఎండ నిప్పులు చెరిగింది. తీతువు లేచి మడుగు దగ్గరికి పోయింది. నీళ్లలో పొట్ట ఆనించి, ఈకలు బాగా తడుపుకుంది. పరుగెత్తుకుంటూ వచ్చి తడి పొట్టతో గుడ్ల మీద కూర్చుంది. కాసేపటికి రెండోది పోయి తడుపుకుని వచ్చింది. ఒకటి పోతే ఒకటి, పొద్దు వాలేదాకా అదే పని. పన్నెండేళ్లుగా సోమలింగం పిట్టల వెంట తిరుగుతున్నాడు. ఇది పుస్తకంలో చదివాడు. కూర్చుని చూడలేదు.

ఆ రోజునుంచి చెన్నమాంబ దగ్గరికి వచ్చేవాళ్లంతా కుంటలో వంతులు వేసుకున్నారు. అట్టలు పట్టుకోలేదు, నినాదాలు చేయలేదు. కూరగాయలమ్మే మణెమ్మ అక్కడే తట్ట దించుకుని టిప్పరు డ్రైవర్లకు కూడా దోసకాయలు అమ్మింది. టిప్పర్లు రోజూ వచ్చాయి. తూర్పు మూల కుప్ప రోజూ పెరిగింది. గుడ్లున్న పడమటి వైపు మాత్రం రాలేదు.

శనివారం సోమలింగం కుంటలో చెన్నమాంబ పక్కన కూర్చుని ఉండగా రత్నాకర్ ఫోన్ చేశాడు.

"సోమలింగం గారూ, కాగితం ఇంకా రాలేదు."

"సంతకం పెట్టను సార్."

"ఎందుకు? అరుదైనదేమన్నా కనబడిందా?"

"తీతువు సార్."

"తీతువా? మా అపార్ట్‌మెంటు మీద కూడా అరుస్తుందండీ."

"అవును సార్. అదే."

"మీరు పెట్టకపోతే ఇంకొకరు పెడతారు. మీకు ఇకమీద మా దగ్గర పని ఉండదు. ఆలోచించుకోండి."

"వాళ్లనే పెట్టనివ్వండి. ప్రజల మాట వినే మీటింగు పెడతారు కదా, అక్కడికి నేను వస్తాను. నేను చూసినవి నేను చదువుతాను."

ఫోన్ పెట్టేసి సోమలింగం మళ్లీ గుడ్ల వైపు చూశాడు. చెన్నమాంబ విననట్టే బియ్యం ఏరుతోంది.

రత్నాకర్ అన్నట్టే ఇంకొకరు సంతకం పెట్టారు. సోమలింగం అన్నట్టే మీటింగుకు పోయాడు. నలభై మూడు పిట్టల పేర్లు, ఏది ఎక్కడ కూర్చుంటుందో, కుంటలో ఏం తింటుందో, ఏ చెట్టుకు గూడు కడుతుందో చదివాడు. పదో పేరు దగ్గర అధికారి ఇక చాలన్నాడు. సోమలింగం పదకొండోది చదివాడు. తూర్పు సగం పోయింది. పడమటి సగం మీద కాగితాలు ఇంకా ఆఫీసుల చుట్టూ తిరుగుతున్నాయి, కుంట మాత్రం కుంటగానే ఉంది.

కానీ ఈ కథలో అసలు చెప్పుకోవలసింది ఆ మీటింగుకు వారం ముందు, ఒక పొద్దున జరిగింది.

అంతకు ముందురోజు మృగశిర మొదటి వాన పడింది. నెర్రెలు మూసుకున్నాయి. సోమలింగం తెల్లవారి వచ్చేసరికి గుంటలో ఒక్క గుడ్డు మిగిలి ఉంది. అది పిల్ల కాలేదు. మిగిలిన మూడూ పిల్లలయ్యాయి. బొటనవేలంత పిల్లలు, పొడుగు కాళ్లతో తల్లి వెనక మడుగు దిక్కు నడుస్తున్నాయి. తల్లి ఒక్క కూత కూస్తే మూడూ చతికిలబడి మట్టిలో కలిసిపోతున్నాయి. ఇంకో కూతకు మళ్లీ లేచి నడుస్తున్నాయి. సోమలింగం చెన్నమాంబకు చూపించాడు. ఆమె పీట మీదనుంచే కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని చాలాసేపు చూసింది.

టిప్పర్లు వచ్చాయి. సూపర్‌వైజరు ఈసారి టోపీ తీసి చేత్తో పట్టుకుని వచ్చాడు. అతనూ పిల్లల్ని చూశాడు.

"పిల్లలు నడిచిపోయినయి గదమ్మా. మీ పని అయిపోయింది. ఇగ మా పని మమ్ముల చేసుకోనియ్యి."

చెన్నమాంబ లేచింది. ఒక చేత్తో మోకాలు పట్టుకుని నిటారుగా నిలబడింది. గొడుగు మూసింది. పీట చంకన పెట్టుకుని గట్టు దిక్కు నడక మొదలుపెట్టింది.

సూపర్‌వైజరు ముఖం తేటపడింది. టిప్పరు వైపు చెయ్యి ఊపాడు. ఇంజను మోగింది.

సోమలింగం ఆమె వెనకే నాలుగడుగులు పరుగెత్తాడు.

"అమ్మా, పోతున్నవా?"

"అన్నం వండుకోవాలె బిడ్డా."

"మరి ఈడ?"

ఆమె ఆగలేదు. వెనక్కి తిరిగి చూడలేదు.

"నువ్వున్నవ్ గద" అంది.