బూరాకు మర్యాద నేర్పిన పైడయ్య

చింతలగడ్డ రాజావారికి ఒకరోజు పొద్దున్నే ఒక కోరిక పుట్టింది. తన పియానో వాయింపు పాటను దాచే మైనపు బిళ్ల మీదికి ఎక్కాలి, ఆ బిళ్ల పుట్టింట్లో ఉన్న రాణిగారికి చేరాలి. రాణిగారు పుట్టింటికి ఎందుకు వెళ్లారో మనం అడగకూడదు.

రాజావారు పిల్లి నడిచినట్టు మెల్లగా మొదలుపెడతారు. కాసేపటికి పూనకం వస్తుంది. ఇక రెండు చేతులతో బాదుడే బాదుడు! ఆ మాట ఆయనతో అనే మొనగాడు సంస్థానంలో లేడు.

శబ్దాన్ని పట్టే యంత్రంతో చెన్నపట్నం నుంచి సుందరేశం దిగాడు. పట్టు తలపాగా, చేతికి ఆరు ఉంగరాలు. తనకు తెలియని యంత్రం ఇంకా పుట్టలేదని తనే చెప్పుకున్నాడు. రాజావారి మెల్లని మొదలు విని, యంత్రం బూరాను పియానో తీగలకు ఆనించినంత దగ్గరగా పెట్టాడు.

"ఒక్క చుక్క కూడా కింద పడదు మహాప్రభో!"

మొదలు నిజంగానే బాగా వచ్చింది. పూనకం రాగానే బిళ్ల మీద గీతలు గీసే ముల్లు ఎగిరి గంతులేసింది. తిరిగి వినిపిస్తే రేకు డబ్బాలో రాళ్లు పోసి ఊపినట్టు ఒకటే గరగర. అలా అయిదు బిళ్లలు పాడయ్యాయి. మిగిలింది ఒక్కటే.

"తప్పెవరిది?" అని రాజావారు గుడ్లురిమారు.

సుందరేశం తడుముకోలేదు. "పియానోది ప్రభో. తీగలు తుప్పు పట్టాయి. దాన్ని చూసుకునేవాడు నిద్రపోతున్నాడు."

ఆ చూసుకునేవాడే మన పైడయ్య. ఇరవై ఏళ్లుగా ఆ తీగల మీద దుమ్ము వాలనివ్వలేదు. ఆ మాటకు అతనికి ఒళ్లు మండింది.

"ఏరా పైడయ్యా! ఈ ఆఖరి బిళ్ల నువ్వే ఎక్కించు. ఇదీ గరగరలాడిందా, సాయంత్రానికి సంస్థానం పొలిమేర దాటాలి. నన్ను మెల్లగా వాయించమన్నావా, ఇప్పుడే దాటాలి!" అన్నారు రాజావారు.

"అంత మాట అంటానా ప్రభూ! ముందు పాటలో అన్నింటికన్నా గట్టి చోటేదో అదొక్కటీ వాయించండి. చేతుల్లో ఎంత బలముందో అంతా చూపించండి."

ఇలా అడిగినవాడు ఇంతవరకూ లేడు. రాజావారు పొంగిపోయి బాదారు. పైడయ్య పాడైన బిళ్ల ఒకటి యంత్రానికి తగిలించి ముల్లునే చూస్తున్నాడు. అది ఎగిరింది. యంత్రాన్ని ఒక అడుగు వెనక్కి జరిపాడు.

"ఇంకా గట్టిగా ప్రభూ!"

మళ్లీ ఎగిరింది, మళ్లీ జరిపాడు. పదకొండో అడుగుకి ముల్లు కుదురుగా నిలబడింది. అసలు వాయింపులో రాజావారి ఉత్సాహం పెరిగితే దానికీ చోటుండాలని ఇంకో అడుగు జరిపాడు. యంత్రం గుమ్మం దగ్గరికి చేరింది.

రాజావారి చేతులు ఆగాయి. "నా సంగీతం వినలేక దాన్ని గెంటేస్తున్నావట్రా?"

ఆ కొలువులో రాజావారు గొంతు పెంచితే అందరూ వెన్ను చూపకుండా వెనక్కి నడవాలి. పైడయ్య అలాగే ఒక అడుగు వెనక్కి వేసి చేతులు కట్టుకున్నాడు.

"తమరు గర్జిస్తే మేమంతా వెనక్కి నడుస్తాం. ఈ బూరా ఒక్కటే తమ ముఖంలో ముఖం పెట్టి నిలబడింది ప్రభూ. దానికి కొలువు మర్యాద నేర్పుతున్నాను."

రాజావారి మీసాల చాటున నవ్వు కదిలింది. ఆఖరి బిళ్ల ఎక్కింది. రాజావారు మనసారా వాయించారు.

తిరిగి వినిపించారు. మొదలు బాగా సన్నగా వచ్చింది. సుందరేశం చంకలు గుద్దుకున్నాడు.

"వినపడటం లేదు మహాప్రభో! పాటను చంపేశాడు!"

పైడయ్య తొణకలేదు.

"ప్రభువులు మెల్లగా మాట్లాడితే, దగ్గరికొచ్చి వినాల్సింది మనమే కదండీ!"

కాదంటే రాజావారికి కోపం. సుందరేశం గబగబా వెళ్లి బూరాలో చెవి పెట్టాడు. సరిగ్గా అప్పుడే రాజావారి పూనకం వచ్చిపడింది. చిన్న గరగరైనా లేకుండా పియానో కంగుమని మోగింది. సుందరేశం వెల్లకిలా పడ్డాడు, తలపాగా దొర్లుకుంటూ పోయింది.

"ఇప్పుడు వినపడిందా సుందరేశం?" అన్నారు రాజావారు.

సుందరేశం చెవి పట్టుకుని లేచాడు.

"ఆఁ? ఏమన్నారు ప్రభో?"

కొలువంతా గొల్లున నవ్వింది. రాజావారు కళ్లనీళ్లు వచ్చేలా నవ్వి, చేతి కంకణం తీసి పైడయ్యకు తొడిగారు.